పడమటి కిటికీల నుంచి నీరు దిగుతోంది: తనిఖీకి ఏ సంస్థను నమ్మాలి?

పడమటి_గది

నల్లగండ్లలో పదకొండో అంతస్తులో ఉన్న మా ఫ్లాటును నిరుడు ఏప్రిల్‌లో స్వాధీనం చేసుకున్నాం. పడమటి వైపు మూడు కిటికీలు ఉన్నాయి. మూడూ పక్కకు జరిపే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చౌకట్టు) కిటికీలే. నిరుటి వానాకాలంలో గాలివాన వచ్చిన ప్రతిసారీ కిటికీల కింద గోడ తడిసి, నెమ్ము స్కర్టింగ్ దాకా దిగింది. గోడకు బిగించిన వార్డ్‌రోబ్ ప్లైవుడ్ ఉబ్బి, ఒక తలుపు ఇప్పుడు పూర్తిగా మూసుకోవడం లేదు. ఆ గదిలో పడుకునేది మా అమ్మ. ఆవిడకు ఆయాసం ఉంది కనుక ఈ వానాకాలం కూడా అదే నెమ్ములో ఆవిడను ఉంచడం నాకు ఇష్టం లేదు.

బిల్డరు మనుషులు ఇప్పటికి మూడుసార్లు వచ్చి సిలికాన్ పూసి వెళ్లారు. ప్రతిసారీ తర్వాతి గాలివానకే మళ్లీ నీరు దిగింది. కిటికీలు బిగించిన వారు గోడలో లోపం ఉందంటున్నారు. బిల్డరు ఇంజనీరు కిటికీలో లోపం ఉందంటున్నారు. ఇద్దరికీ సంబంధం లేని సంస్థ చేత తనిఖీ చేయించి, కారణాన్ని కాగితం మీద పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

ముగ్గురితో మాట్లాడాను. మొదటి సంస్థ తనిఖీ ఉచితమని చెప్పింది, కానీ వారు కొత్త కిటికీలు కూడా అమ్ముతారు. రెండో సంస్థ థర్మల్ కెమెరాతో ఇల్లంతా చూసి అరవై పేజీల నివేదిక ఇస్తామని, 16,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అవుతుందని చెప్పింది. మూడో సంస్థ చిన్నది. ఇద్దరు మనుషులు వచ్చి కిటికీలను, వాటి చుట్టూ గోడను మాత్రమే నీళ్లు కొట్టి పరీక్షిస్తామని, 9,500 అవుతుందని, పది రోజులు ఆగాలని అన్నారు. ఎవరిని నమ్మాలో, దేన్ని చూసి నమ్మాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుంటూరు_మిర్చి

ఉచితంగా వచ్చేవారిని ముందుగా పక్కన పెట్టండి. వారి తనిఖీ చివర కిటికీలు మార్చాలనే మాట తప్ప మరో మాట రాదు.

ఫ్రేము_పని

కూకట్‌పల్లిలో పంతొమ్మిదేళ్లుగా యూపీవీసీ కిటికీలు తయారు చేసి బిగిస్తున్నాను. పైన మిర్చి గారు అన్నది చాలావరకు నిజం. కొలతలు తీయడానికి వచ్చే మనిషి జీతం కొత్త కిటికీ అమ్మకం నుంచే రావాలి. అలాగని అమ్మేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కిటికీని రోజూ విప్పి బిగించేవాడికి తెలిసిన సంగతులు, వంటగది గొట్టాల నుంచి కరెంటు బోర్డుల దాకా అన్నీ చూసే సాధారణ తనిఖీదారుకు తెలియకపోవచ్చు.

పక్కకు జరిపే కిటికీలోకి నీరు రావడం లోపం కాదు. వాన నీరు కింది పట్టాలోకి రావడం, అక్కడి నుంచి చౌకట్టు ముందు వైపు ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు పోవడం ఆ కిటికీ పని చేసే పద్ధతి. ఆ రంధ్రాలు మూసుకుపోతే పట్టా నిండి లోపలికి పొర్లుతుంది. ప్లాస్టరింగ్ చేసేటప్పుడు మేస్త్రీలు రంధ్రాల మీద సిమెంటు పూసేయడం, ఆ తర్వాత పెయింటింగ్ వాళ్లు వాటి మీదే పుట్టీ పెట్టడం నేను లెక్కలేనన్ని చోట్ల చూశాను. మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. వాన లేని రోజున పట్టాలో ఒక మగ్గు నీళ్లు పోసి, అవి బయటకు ఎంతసేపట్లో పోతున్నాయో చూడండి. బలమైన అయస్కాంతం ఒకటి తెచ్చి చౌకట్టుకు ఆనించి కూడా చూడండి. లోపల ఇనుప బద్ద వేసి ఉంటే అయస్కాంతం లాగుతుంది. వేయకుండా దాచిన చోట్ల పెద్ద కిటికీల రెక్కలు గాలికి వంగుతాయి.

బిల్డరు మనుషులు మూడుసార్లు సిలికాన్ పూశారన్నారు. పాత సిలికాన్‌ను పూర్తిగా గీకి తీసేశారా, దాని మీదే కొత్తది పూశారా? మురికి పట్టిన పాత సిలికాన్‌కు కొత్తది సరిగా అంటుకోదు. పూస్తున్నప్పుడు వెనిగర్ వంటి ఘాటు వాసన వచ్చి ఉంటే అది సిమెంటు మీద, గ్రానైటు మీద నిలిచే రకం కాదు.

పడమటి_గది

పాతదాని మీదే పూశారు. వెనిగర్ వాసన కూడా వచ్చింది. అమ్మ ఆ రోజు హాల్లోనే పడుకుంది. మగ్గు పరీక్ష, అయస్కాంతం పరీక్ష శనివారం చేసి చెబుతాను.

కొలత_బద్ద

నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన సివిల్ ఇంజనీరును. తనిఖీ సంస్థను ఎంచుకోవడంలో నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: నీటి పరీక్షను మీరు ఎక్కడ మొదలుపెడతారు? పైనుంచి అని ఎవరైనా జవాబిస్తే వారికి ఆ పని రాదని అర్థం. పైన నీళ్లు కొడితే అవి కిందికి జారుతూ సజ్జా నుంచి కిటికీ అడుగున ఉండే దిమ్మ దాకా అన్ని అతుకులనూ తడుపుతాయి కనుక, లోపల తేమ కనబడినా అది ఏ అతుకులోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అట్టడుగున, కిటికీ దిమ్మకూ గోడకూ మధ్య అతుకు దగ్గర మొదలుపెట్టాలి. మిగిలిన అతుకులను టేపుతో మూసి, పావుగంట సేపు ఆ ఒక్క చోటే తడపాలి. లోపల రెండో మనిషి టార్చి పట్టుకుని కనిపెట్టాలి. అక్కడ ఏమీ రాకపోతే చౌకట్టు అడుగు అతుకు, ఆ తర్వాత పక్క అతుకులు, చివరికి పై అతుకు, సజ్జా. ఈ క్రమం పాటిస్తే ఒక కిటికీకి గంటకు తక్కువ పట్టదు. మూడు కిటికీలను నలభై నిమిషాల్లో పూర్తి చేస్తామనేవారిని నేను ఇంట్లోకి రానివ్వను.

పరీక్షలో ఎంత నీరు కొట్టాలనే దానికి కూడా ప్రమాణాలున్నాయి. బిగించిన కిటికీలను స్థలంలోనే పరీక్షించడానికి వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ 1105 ప్రకారం, చదరపు మీటరుకు నిమిషానికి 3.4 లీటర్ల చొప్పున సమంగా చల్లాలి. మన ఇళ్లలో అంత సరంజామా తేవడం అరుదు. అయినా తోట గొట్టంతో ఇష్టం వచ్చినట్టు కొట్టేవాడికీ, నాజిల్ ఎంత దూరంలో ఉంచాడో, ఎన్ని నిమిషాలు కొట్టాడో రాసుకునేవాడికీ తేడా మీకే తెలిసిపోతుంది.

థర్మల్ కెమెరా గురించి ఒక మాట. అది నీటిని చూపదు. ఉపరితలంలో ఎక్కడ వేడి ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది మాత్రమే చూపుతుంది. తడి గోడ ఆరుతూ చల్లబడుతుంది కనుక నీలంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఏసీ గాలి నేరుగా తగిలే గోడ కూడా నీలంగానే కనిపిస్తుంది, గోడ లోపల కాంక్రీటు స్తంభం ఉన్న చోటు కూడా రంగు మారి కనిపిస్తుంది. కెమెరా అనుమానించిన ప్రతి చోటా తేమ కొలిచే మీటరు పెట్టి చూడాలి. ఆ మీటరు అంకెలు కూడా సాధారణంగా కలపకు సరిపడా తయారుచేసినవి. సిమెంటు ప్లాస్టరు మీద 22 అని చూపితే 22 శాతం తేమ ఉందని కాదు, పక్కనే ఉన్న పొడి గోడ మీద వచ్చిన అంకెతో పోల్చి మాట్లాడాలి. నివేదికలో పొడి గోడ అంకె లేకుండా తడి గోడ అంకె మాత్రమే ఉంటే దాన్ని నమ్మవద్దు.

గుంటూరు_మిర్చి

ఈ సంస్థలకు ప్రభుత్వ లైసెన్సు ఏదీ ఉండదా? ఉంటే దాన్ని చూసుకుంటే సరిపోతుంది కదా.

ప్లేనో_తెలుగిల్లు

నేనుండే టెక్సస్‌లో ఉంటుంది. ఇక్కడ ఇళ్ల తనిఖీదారులకు టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు ఇస్తుంది. పేరు కొట్టి చూస్తే లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో ఎవరికైనా తెలుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన నిబంధన మరొకటి. ఇల్లు కొనుగోలు ఒప్పందం కింద తాను తనిఖీ చేసిన భాగాలకు మరమ్మతు చేసే పనిని తనిఖీదారు 12 నెలల దాకా ఒప్పుకోరాదు. లోపం చూపిన మనిషికే ఆ లోపం మీద ఆదాయం రాకూడదన్న ఆలోచన అది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన అన్నీ బయటపడతాయని కూడా అనుకోవద్దు. ఇక్కడి కిటికీలకు రెండు అద్దాలు, మధ్యలో మూసివేసిన ఖాళీ ఉంటాయి. అంచుల సీలు పోతే లోపల ఆవిరి పట్టి అద్దం మసకబారుతుంది. స్పష్టంగా మసకబారిన అద్దాలను తనిఖీదారు నివేదికలో రాయాలి, కానీ ప్రతి అద్దాన్నీ క్షుణ్ణంగా పరీక్షించే బాధ్యత అతనికి లేదు. మేం ఇల్లు కొన్నది ఆగస్టులో. నివేదికలో ఒక్క అద్దం గురించి కూడా లేదు. జనవరి చలికి ఐదు కిటికీలు మసకబారాయి. అతను తప్పు చేయలేదు, ఆ రోజు అవి కనిపించలేదంతే. అందుకని ఏ కాలంలో, ఏ వాతావరణంలో తనిఖీ చేశారన్నది కూడా నివేదికలో ఉండాలని నేను అడుగుతాను.

కొలత_బద్ద

మన దేశంలో ఇళ్ల తనిఖీదారులకు అటువంటి లైసెన్సు విధానం లేదు. ఎవరైనా ఒక మీటరు, ఒక టార్చి కొనుక్కుని బోర్డు పెట్టుకోవచ్చు. కొందరు ఐఎస్‌ఓ 9001 ధ్రువపత్రం చూపుతారు. అది సంస్థ తన పనిని ఒక పద్ధతి ప్రకారం నడుపుకుంటోందని చెబుతుంది తప్ప, వారికి కిటికీల గురించి తెలుసని చెప్పదు. తనిఖీ చేసే సంస్థల కోసం ప్రత్యేకంగా ఉన్న ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17020. మన దేశంలో దాని కింద గుర్తింపు ఇచ్చేది ఎన్ఏబీసీబీ అనే జాతీయ గుర్తింపు మండలి. అందులో ‘ఏ’ తరగతి సంస్థ తాను తనిఖీ చేసే వస్తువును తయారు చేయకూడదు, అమ్మకూడదు, బిగించకూడదు, మరమ్మతు చేయకూడదు. ఇంటి కిటికీలు చూసే చిన్న సంస్థలకు ఆ గుర్తింపు ఉండకపోవచ్చు, లేకపోతే తిరస్కరించమని నేను అనను. ఆ షరతునే మీరు ఒక వాక్యంగా రాసి, వారి చేత సంతకం పెట్టించుకోవచ్చు. సంతకానికి వెనుకాడితే మీకు జవాబు దొరికినట్టే.

విశాఖ_తీరం

మాది బీచ్ రోడ్డుకు రెండు వీధుల వెనక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు మా అపార్ట్‌మెంటులో సముద్రం వైపు అద్దాలు దాదాపు అన్నీ పగిలాయి. అప్పటి నుంచి కిటికీ అన్న మాట వింటే మా ఇంట్లో అందరం జాగ్రత్తపడతాం. కొత్త కిటికీలు పెట్టించాక నాలుగేళ్ల క్రితం ఒక సంస్థ చేత తనిఖీ చేయించాం. 48 పేజీల నివేదిక వచ్చింది, చూడటానికి చాలా బాగుంది. మా ఆవిడ కూర్చుని ప్రతి పేజీ చదివింది. అందులో వంటగదికి తూర్పు కిటికీ అతుకులు బాగున్నాయని రాసి ఉంది. మా వంటగదికి తూర్పు కిటికీయే లేదు. మరో రెండు ఫొటోల్లో కనిపించిన గచ్చు మాది కాదు. వేరే ఇంటి నివేదికలో పేరు మార్చి మాకు పంపారు. అడిగితే టైపింగు పొరపాటు అన్నారు, డబ్బు తిరిగి ఇవ్వలేదు. పడమటి గది గారూ, అరవై పేజీల నివేదిక అంటున్న ఆ రెండో సంస్థను పాత నివేదిక నమూనా అడగండి. అందులో ప్రతి కిటికీకీ విడివిడిగా ఒక సంఖ్య, ఆ సంఖ్య కనిపించేలా ఫొటో ఉన్నాయేమో చూడండి.

సముద్రపు గాలి ఉన్న ఊళ్లో కీళ్లు, స్క్రూల సంగతి కూడా తప్పకుండా అడగాలి. మా పాత కిటికీల చౌకట్లకు ఏమీ కాలేదు కానీ స్క్రూలను ఉప్పు తినేసింది. ఇప్పుడు ఉప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేయించాం. దీన్ని కనిపెట్టింది తనిఖీ సంస్థ కాదు, మా వీధి కార్పెంటరు.

బెజవాడ_గాలి

తీరం గారు చెప్పినది చదివాక నాకో సందేహం వచ్చింది. గాలి మరీ ఎక్కువగా ఉంటే మంచి కిటికీలోంచి కూడా నీరు వస్తుందా? లేక నీరు వచ్చిందంటే తప్పకుండా ఎవరో తప్పు చేసినట్టేనా? ఈ తేడా తెలియకుండా బిల్డరుతో వాదనకు దిగడం కష్టం.

కొలత_బద్ద

మంచి ప్రశ్న, దీనికి లెక్క ఉంది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే పీడనం పాస్కళ్లలో వస్తుంది. ఒక మిల్లీమీటరు ఎత్తు నీటిని నిలపడానికి సుమారు 10 పాస్కళ్లు కావాలి. పట్టా లోపలి అంచు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. దాన్ని దాటి నీరు లోపలికి పొర్లాలంటే సుమారు 400 పాస్కళ్ల పీడనం, అంటే గంటకు 90 కిలోమీటర్లకు పైబడిన గాలి కావాలి. గంటకు 60 కిలోమీటర్ల గాలి వీచినప్పుడు పట్టాలో నీరు 17 మిల్లీమీటర్ల దాకా నిలుస్తుంది, అంతే. హైదరాబాదులో సాధారణంగా వచ్చే గాలివానకు, రంధ్రాలు తెరిచి ఉన్న కిటికీ పట్టా పొర్లకూడదు. పొర్లితే ఎక్కడో లోపం ఉంది.

భవనాల మీద గాలి భారానికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో మూల గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు, విజయవాడకు 50 మీటర్లు. 50 మీటర్ల వద్ద పీడనం 1,500 పాస్కళ్లు. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కిటికీ మీద అది దాదాపు 340 కిలోల బరువు మోపినట్టు. అటువంటి తుపానులో పక్కకు జరిపే కిటికీ పొడిగా ఉంటుందని ఏ సంస్థా హామీ ఇవ్వలేదు. అక్కడ అడగవలసింది అద్దం, చౌకట్టు నిలుస్తాయా లేదా అన్నది. మంచి తనిఖీ సంస్థ ఈ రెండు ప్రశ్నలనూ కలపకుండా వేర్వేరుగా జవాబిస్తుంది.

బెజవాడ_గాలి

ధన్యవాదాలు. ఈ లెక్కను కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

సంఘం_కార్యదర్శి

మియాపూర్‌లో 214 ఫ్లాట్ల సంఘం మాది. బిల్డరు నుంచి నిర్వహణ బాధ్యత తీసుకునే ముందు కిటికీల తనిఖీకి ఇద్దరిని పిలిచాం. ఎవరికి పని ఇవ్వాలో తేలక, ఇద్దరికీ ఒకే మూడు ఫ్లాట్లు ఇచ్చి విడివిడిగా చూడమన్నాం, ఒకరి సంగతి మరొకరికి చెప్పలేదు. మొదటివారు 41 లోపాలు రాశారు. రెండోవారు తొమ్మిదే రాశారు. మా కమిటీలో చాలామంది 41 రాసినవారే నిక్కచ్చి మనుషులని వాదించారు. కూర్చుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాక తెలిసింది, ఆ 41లో 30కి పైగా అద్దం మీద పెయింటు చుక్క, రబ్బరు మీద దుమ్ము, గడియ కొద్దిగా బిగుతు వంటివి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది అందులో ఒక్కచోట కూడా లేదు. తొమ్మిది రాసినవారు నాలుగు కిటికీల దగ్గర సజ్జా పై పగులును గుర్తించి, నీళ్లు కొట్టి, లోపల తడిని ఫొటోలో చూపారు. పని వారికే ఇచ్చాం.

మరో సంగతి కూడా ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. ఎత్తైన అంతస్తుల్లో బయటి వైపు చూడటానికి తాళ్ల మీద మనిషిని దించవలసి వస్తే, ఆ మనిషికి బీమా ఉందా, బెల్టు ఏ ఆధారానికి కడుతున్నారు, సంఘం అనుమతి తీసుకున్నారా అని తప్పనిసరిగా అడగండి. మా దగ్గర ఒక సంస్థ మనిషిని టెర్రస్ మీది నీటి పైపుకు తాడు కట్టి దించబోతే వాచ్‌మన్ ఆపాడు. ఆ రోజు నుంచి ఆ సంస్థను గేటు దాటి రానివ్వలేదు.

ఫ్రేము_పని

కార్యదర్శి గారు చేసిన పని అందరూ చేయదగ్గది. వాచ్‌మన్‌కు నా నమస్కారం చెప్పండి.

పడమటి_గది

రెండు పరీక్షలూ చేశాను. అయస్కాంతం మూడు కిటికీలనూ లాగింది. మగ్గు నీళ్లలో మాత్రం తేడా వచ్చింది. ఒకటో కిటికీలో, రెండో కిటికీలో నీళ్లు పావుగంట గడిచినా పట్టాలోనే నిలిచాయి. మరో మగ్గు పోస్తే లోపలికి పొర్లి గోడ మీదికి జారాయి. మూడో కిటికీలో నీళ్లు నిమిషంలోపే బయటకు పోయాయి. కానీ నిరుడు నెమ్ము ఎక్కువగా దిగింది ఆ మూడో కిటికీ కిందే. అమ్మ మంచం అక్కడే ఉంటుంది.

ఫ్రేము_పని

ఒకటి, రెండు తేలిపోయినట్టే. సన్నటి తీగతో రంధ్రాల్లోని సిమెంటు తీసేయండి, ఆ రెంటికీ ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు. మూడోదాన్ని మాత్రం ఎవరి చేతనైనా చూపించండి.

చట్టం_చదువరి

దయచేసి తీగ పెట్టవద్దు, కనీసం ఇప్పుడే పెట్టవద్దు. ఫ్రేము పని గారు వృత్తిపరంగా చెప్పినది సరైనదే అయినా, మీరు రంధ్రాలు శుభ్రం చేసిన మరుక్షణం బిల్డరు చేసిన లోపానికి ఆధారం పోతుంది, రేపు వారు మీరే కిటికీని పాడు చేశారని కూడా అనవచ్చు.

రెరా చట్టం, అంటే 2016 నాటి స్థిరాస్తి చట్టంలో 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ బయటపడిన లోపాన్ని బిల్డరు దృష్టికి తీసుకువెళితే, 30 రోజుల్లో అదనపు రుసుము లేకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. మీకు పధ్నాలుగు నెలలే గడిచాయి. కిటికీ సంస్థ తప్పా, మేస్త్రీ తప్పా అన్నది వారిద్దరి మధ్య వ్యవహారం. మీ ఒప్పందం బిల్డరుతో. ఇప్పటిదాకా ఫోనులో చెప్పినవన్నీ తేదీలతో సహా ఒక ఈమెయిలులో రాసి పంపండి. ఆ మూడుసార్ల సిలికాన్ సంగతి కూడా రాయండి. తనిఖీ రోజున బిల్డరు ఇంజనీరును కూడా రమ్మని రాతపూర్వకంగా పిలవండి. ఆయన రాకపోయినా మీ పిలుపు ఆధారంగా ఉంటుంది.

తనిఖీ సంస్థ విషయంలో కూడా కాగితం ఉండాలి. జీఎస్టీ బిల్లు అడగండి. జీఎస్టీ సంఖ్యలో పదిహేను అక్షరాలుంటాయి, మొదటి రెండంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే సంస్థ అసలు పేరు, అది నమోదైన తేదీ కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల అనుభవమని చెప్పే సంస్థ నిరుడే నమోదై ఉంటే కారణం అడగండి. విశాఖ తీరం గారికి జరిగినట్టు జరిగితే అది సేవా లోపం. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, కానీ చేతిలో బిల్లు ఉండాలి.

విశాఖ_తీరం

మేం బిల్లు అడగలేదు. నాలుగేళ్లు గడిచాయి కూడా. ఇది చదివినవారు అడగండి.

ఫ్రేము_పని

చదువరి గారు చెప్పాక ఆలోచిస్తే నా మాట తొందరపాటే. ఆధారం సంగతి నాకు తట్టలేదు. పడమటి గది గారూ, ముందు ఫొటోలు, వీడియో తీయించండి. తీగ సంగతి తర్వాత చూద్దాం.

గుంటూరు_మిర్చి

అయితే ఇప్పుడు మూడో సంస్థకు ఫోను చేసి ఏమేం అడగాలో ఎవరైనా చెప్పండి. మా అన్నయ్య వాళ్లు కూడా కొంపల్లిలో ఫ్లాటు తీసుకోబోతున్నారు.

సంఘం_కార్యదర్శి

మేం అడిగినవి చెబుతాను. ఫోనులో మాట్లాడిన మనిషే వస్తాడా, వేరెవరైనా వస్తారా అని మొదట అడిగాం. పేరున్న మనిషి మాట్లాడి, నెల క్రితం చేరిన కుర్రవాడిని పంపడం మామూలుగా జరుగుతుంది. మరమ్మతుకు మీరు ఎవరి పేరైనా సూచిస్తారా అని అడిగాం. సూచించం అన్నవారిని నమ్మాం. నివేదికలో పరీక్షించనివాటి జాబితా ఉంటుందా అని కూడా అడగండి. చూడనిదాన్ని చూడలేదని రాసేవాడు, చూసినదాన్ని కూడా సరిగానే రాస్తాడని నా అనుభవం. చివరిగా, మరమ్మతు అయ్యాక మళ్లీ వచ్చి అదే పరీక్ష చేయడానికి ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి.

కొలత_బద్ద

అద్దం మూలలో ముద్ర ఉందో లేదో చూస్తారా అని కూడా అడగండి. టఫెన్డ్ అద్దానికి, అంటే వేడి చేసి గట్టిపరచిన అద్దానికి, ఐఎస్ 2553 ముద్ర ఉంటుంది. టఫెన్డ్ చేశాక అద్దాన్ని కోయడం కుదరదు కనుక ముద్ర కోతలో పోయిందనే మాట చెల్లదు, ముద్ర లేని అద్దాన్ని టఫెన్డ్ అని ఎవరైనా అంటే మాటను బట్టి ఒప్పుకోవద్దు. పదకొండో అంతస్తులో ఇది చిన్న విషయం కాదు.

పడమటి_గది

మూడో సంస్థను ఎంచుకున్నాను. మరమ్మతు పని ఒప్పుకోబోమని, ఎవరినీ సూచించబోమని రాసి సంతకం పెట్టి పంపమంటే అరగంటలో పంపారు. రెండో సంస్థను నమూనా నివేదిక అడిగితే గోప్యత కారణంగా ఇవ్వలేమన్నారు. పేర్లు తీసేసి ఇవ్వమని అడిగాను, తర్వాత ఫోను ఎత్తలేదు. బిల్డరు ఇంజనీరుకు ఈమెయిలు పంపాను.

పడమటి_గది

తనిఖీ నిన్న జరిగింది. చదువరి గారు చెప్పినట్టు రాతపూర్వకంగా పిలిచినందువల్లనేమో, బిల్డరు ఇంజనీరు కూడా వచ్చి చివరిదాకా నిలబడ్డారు. మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. మొదట గోడ మీద పెన్సిలుతో పద్దెనిమిది చోట్ల గుర్తులు పెట్టి, పొడిగా ఉన్నప్పటి అంకెలు రాసుకున్నారు. మూడో కిటికీకి పక్కనున్న బాల్కనీ నుంచి నీళ్లు కొట్టారు. మిగతా రెంటికీ పై అంతస్తు వారి అనుమతితో వారి కిటికీలోంచి గొట్టం దించారు. తాళ్ల మీద ఎవరూ దిగలేదు.

ఒకటో కిటికీకి, రెండో కిటికీకి చౌకట్టు అతుకుల్లో ఏమీ రాలేదు. బయటి రంధ్రాలు నాలుగింటిలో నాలుగూ సిమెంటుతో మూసుకుపోయి ఉన్నాయి. వాటిని ఇంజనీరు కళ్లముందే ఫొటో తీశారు. మూడో కిటికీ దగ్గర చౌకట్టు చుట్టూ టేపు వేసి, దిమ్మగా వేసిన గ్రానైటు బండ అడుగు అతుకు మీద మాత్రమే నీళ్లు కొట్టారు. తొమ్మిదో నిమిషంలో లోపలి గోడ మీద అమ్మ మంచం తలవైపు తడి కనిపించింది. బండ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే వాలు బయటికి కాకుండా లోపలికి నాలుగు మిల్లీమీటర్లు ఉంది. వేలితో కొడితే బండ కింద బోలుగా మోగింది. అంటే నిరుటి నుంచి పూసిన సిలికాన్ అంతా నీరు రాని అతుకు మీద పూశారు.

నివేదిక ఈ ఉదయం వచ్చింది. 14 పేజీలే ఉంది. గాలి పీడనంతో పరీక్ష చేయలేదని, చౌకట్టు లోపలి ఇనుప బద్ద మందం కొలవలేదని ఒక పేజీలో విడిగా రాశారు. అద్దాల ముద్రలు మూడింటికీ ఉన్నాయి.

కొలత_బద్ద

నీళ్లు కొట్టిన క్రమం సరిగ్గా ఉంది. బండను తీసి, కింద సిమెంటు నిండుగా పరిచి, బయటికి వాలు పెట్టి తిరిగి వేయమనండి. బండ బయటి అంచు అడుగున సన్నటి గాడి కోయించండి, నీరు వెనక్కి పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. పై నుంచి సిలికాన్ పూసి ముగిస్తామంటే ఒప్పుకోకండి.

ఫ్రేము_పని

బండ తీసేటప్పుడు చౌకట్టు కదలకుండా లోపల ఆనికలు పెట్టమని చెప్పండి. తిరిగి వేశాక వికర్ణాలు రెండూ కొలిపించండి, తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే రెక్క సరిగా జరగదు.

చట్టం_చదువరి

ఆ నివేదికను ఈరోజే బిల్డరుకు ఈమెయిలులో పంపండి. 30 రోజుల లెక్క రాతపూర్వకంగా మొదలవుతుంది. వార్డ్‌రోబ్ నష్టాన్ని కూడా అదే ఉత్తరంలో ఫొటోతో పెట్టండి, తర్వాత విడిగా అడిగితే కష్టం.

పడమటి_గది

పంపాను. బండ మార్చడానికి, రంధ్రాలు తెరవడానికి ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. వార్డ్‌రోబ్ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు, దాన్ని వదలను. మేస్త్రీ మంగళవారం వస్తాడు. సిమెంటు ఆరడానికి పది రోజులు ఇచ్చి, ఆ తర్వాతి ఆదివారం ఉదయం అదే ఇద్దరు మళ్లీ వచ్చి అదే చోట, అంతే సేపు నీళ్లు కొడతారు. దానికి 2,500 అని ముందే రాయించుకున్నాను. అప్పటిదాకా అమ్మ మంచం హాల్లోనే ఉంటుంది.

గుంటూరు_మిర్చి

ఆదివారం ఏమైందో తప్పకుండా రాయండి. పేర్లు తీసేసి ఆ 14 పేజీలు పెట్టగలిగితే మా అన్నయ్యకు పంపుతాను.

పడమటి_గది

తనిఖీ చేసినవారి అనుమతి అడిగాను. మా ఫ్లాటు సంఖ్య తీసేసి పెట్టవచ్చన్నారు. రాత్రికి పెడతాను.